కుడివైపు నీడ

బోర్డులక్క చెయ్యి వణకగా ఆ వీధిలో ఎవరూ చూడలేదు. నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో రంగు డబ్బా, ఒక చేత్తో బ్రష్షు పట్టుకుని, కింద నిలబడ్డ కొట్టాయనతో పోట్లాడుతూనే అక్షరాలు రాసుకుంటూ పోయేది. పోట్లాట అయ్యేసరికి బోర్డూ అయిపోయేది. తర్వాత స్కేలు పెట్టి కొలిచినా వెంట్రుకవాసి తేడా కనిపించేది కాదు. తండ్రి దగ్గర నేర్చిన పని అది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో ముప్పై ఏళ్ళు నిచ్చెన మీదే గడిచాయి. తన పనితనం గురించి తానే చెప్పుకోవడానికి ఆమె ఏనాడూ మొహమాటపడలేదు. ఎవరో ఒకరు చెప్పాలి కదా, అనేది.

ఇంట్లో ఆ మాట చెప్పగలిగిన మనిషి అత్తగారు. ఆవిడకు డెబ్భై ఏడు. కోడల్ని మెచ్చుకుంటే నెత్తికెక్కి కూర్చుంటుందని ఆవిడ గట్టి నమ్మకం, ఇరవై ఆరేళ్ళుగా ఆ నమ్మకాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. ఒకసారి నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగుల బోర్డు రాసి, అత్తగారిని పనిగట్టుకుని తీసుకెళ్ళి చూపించింది బోర్డులక్క. ఆవిడ చాలాసేపు చూసి, "కాస్త పక్కకి ఒరిగినట్టు లేదూ?" అంది. ఒరిగింది ఆవిడ మెడ. ఆ మాట అంటే ఇంటికెళ్ళేదాకా యుద్ధమే కాబట్టి కోడలు పళ్ళు బిగబట్టి ఊరుకుంది.

ఆ తర్వాత ఊళ్ళోకి ఫ్లెక్సులు వచ్చాయి. గంటలో అచ్చయి, పూటలో గోడకెక్కి, ఏడాది తిరక్కుండా చిరిగిపోయే సరుకు. బోర్డులక్క మొదట నవ్వింది, తర్వాత తిట్టింది, చివరికి తిట్టే ఓపిక కూడా పోయి బళ్ళకు నంబర్లు రాస్తూ కూర్చుంది. బాధేమీ లేదనే అందరితోనూ చెప్పేది.

ఒక మధ్యాహ్నం భర్త నడిపే సిటీ బస్సెక్కి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కూర్చుంది. వెళ్ళేటప్పుడు ఎడమ పక్క చూసింది, వచ్చేటప్పుడూ ఎడమ పక్కే చూసింది, అలా రోడ్డుకు రెండు వైపులా చూసేసింది. డ్రైవరుతో మాట్లాడరాదు అన్న హెచ్చరిక ఒకప్పుడు ఆ బస్సులో ఆమె చేత్తో రాసిందే. ఇప్పుడు దాని చోట స్టిక్కరు అంటించారు కనుక ఆమె దాన్ని ఖాతరు చెయ్యకుండా మాట్లాడింది.

"ఏవండీ, తాళాల రిపేరు కొట్టు బోర్డు కూడా తీసేశారు."

"పోయిన వారమే తీశారు. నీకు చెప్తే గొడవ చేస్తావని చెప్పలేదు."

"అదే ఆఖరిది."

ఆయన అద్దంలోంచి ఆమె మొహం చూసి, ఆ స్టాపులో ఒక నిమిషం ఎక్కువే ఆపాడు. ఆమెకు నిజంగా భయం వేసింది. ముప్పై ఏళ్ళు ఎండలో ఎక్కి దిగిన మనిషి చేతిరాత ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క గోడ మీద కూడా లేదు. తాను అసలు ఏ పనీ చెయ్యనట్టే ఉంది ఊరు. ఆ రాత్రి అన్నం సహించలేదు. అత్తగారు మాత్రం, "పోతే పోయాయి, అవేమన్నా నువ్వు కన్న పిల్లలా?" అని తన కంచంలోకి మరికాస్త వడ్డించుకుంది.

సరిగ్గా ఆ సమయంలోనే బస్ డిపో గోడ మీద ఒక ప్రకటన కనిపించింది. కొత్తగా కట్టిన పిల్లల హాస్పిటల్లో వంద అడుగుల గోడ. దాని నిండా బొమ్మలు. మట్టి పలకల మీద రంగులేసి, బట్టీలో కాల్చి, గోడకు అతికిస్తారట. యాభై ఏళ్ళయినా చెక్కు చెదరదట. ఆ పని ఒప్పుకున్న చిత్రకారిణి తన సొంత పనిగదిలోనే పది వారాలు బొమ్మలు నేర్పుతుందట. వయసుతో పని లేదు. నేర్చుకున్నవాళ్ళలో ఒకరిని ఎంచి, గోడ పూర్తయ్యేదాకా తనతో పాటు బొమ్మలు వేయిస్తుందట. బోర్డులక్క రెండుసార్లు చదివింది. యాభై ఏళ్ళు అన్నచోట వేలు పెట్టి మూడోసారి చదివింది.

"ఆ గోడ నాది," అంది ఇంటికొచ్చి. ఇంకా పేరైనా ఇవ్వలేదు.

* * *

పనిగది ఒక పాత ప్రెస్సు మీది అంతస్తులో ఉంది. యంత్రాలు ఎప్పుడో తీసేసినా నేల మీద సిరా మరకలు అలాగే ఉన్నాయి. కుడి పక్క గోడ మొత్తం కిటికీయే. మిగతా మూడు గోడలకూ ఆనించి చిత్రకారిణి సొంత బొమ్మలు, కొన్ని పూర్తయినవి, చాలామటుకు కానివి. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి, మోచేతుల దగ్గర చిరిగిన చొక్కా, గోళ్ళ నిండా రంగు. పెద్ద పెద్ద ప్రదర్శనల్లో ఆమె బొమ్మలు పెడతారని బోర్డులక్క విని ఉంది. ఇంత చిన్నపిల్ల అనుకోలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది. కాగితం నిలబెట్టుకునే ఈజిల్ మనిషికొకటి. బోర్డులక్క పక్కది ఒక పళ్ళ డాక్టరుది.

మొదటి రోజు బల్ల మీద ఒక తెల్ల కూజా పెట్టి గీయమంది. బోర్డులక్క నాలుగు నిమిషాల్లో గీసేసింది. అంచు ఒకే గీతలో, ఎక్కడా తడబాటు లేకుండా, అచ్చు పోసినట్టు. ఆనక అలవాటుగా నీడ కూడా వేసి చేతులు దులుపుకుంది. పళ్ళ డాక్టరు ఇంకా పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

చిత్రకారిణి వచ్చి నిలబడింది. "చెయ్యి భలే ఉందక్కా. ఇలాంటి గీత నాకు రాదు. ఒక మాట చెప్పండి, కిటికీ ఎటుంది?"

"కుడి పక్క."

"అంటే కూజాకి వెలుగు ఎటునుంచి పడుతోంది?"

"కుడినుంచే."

"మీ బొమ్మలో నీడ ఎటుంది?"

బోర్డులక్క తన కాగితం చూసింది. నీడ కుడి పక్కన, కింది వైపు, నల్లగా, అందంగా ఉంది. కూజా వంక చూసింది. అక్కడ నీడ ఎడమ పక్క ఉంది.

ముప్పై ఏళ్ళు నీడక్షరాలు రాసిన చెయ్యి అది. అక్షరానికి కుడి పక్కన, కింద నల్లరంగు పూస్తే అక్షరం గోడ మీంచి ముందుకు లేచినట్టు కనిపిస్తుంది. తండ్రి అలాగే పూశాడు, ఆమె అలాగే పూసింది. సూర్యుడెక్కడున్నాడని ఏ కొట్టాయనా అడగలేదు.

"మా నీడ ఎప్పుడూ కుడి కిందే పడుతుందమ్మాయ్," అంది ఆమె, ఏమాత్రం తగ్గకుండా. "మా నాన్న కాలం నుంచీ అంతే. నీ కిటికీయే తప్పు పక్కన పెట్టించారు."

గది గొల్లుమంది. చిత్రకారిణి కూడా నవ్వింది కానీ, వెళ్ళి గోడకానించిన మూడు బొమ్మలు తెచ్చి వరసగా నిలబెట్టింది. ఒక కూరగాయలమ్మి, ఒక ముసలి పోలీసు, ఒక స్కూలు పిల్ల. "ముక్కులు చూడండి," అంది. ముగ్గురికీ ఒకే ముక్కు. "అది మా అక్క ముక్కు. చిన్నప్పుడు బొమ్మలు నేర్చుకుంటూ దాన్నే కూర్చోబెట్టి గీసేదాన్ని. ఎవర్ని గీసినా అదే వచ్చి కూర్చుంటుంది. పదిహేనేళ్ళుగా దాంతో కుస్తీ పడుతున్నాను. మీ చేతికి ఏం వచ్చో నాకు తెలిసిపోయిందక్కా. మీ కంటికి ఏం కనిపిస్తోందో అది గీయండి."

బోర్డులక్కకు కోపం వచ్చింది, ఆ పిల్ల నచ్చింది కూడా. రెండూ ఒకేసారి జరగడం ఆమెకు కొత్త.

ఆ వారం నేర్చింది కళ్ళు చికిలించడం. కళ్ళు సగం మూసి చూస్తే గీతలు మాయమై వెలుగూ నీడా మాత్రం ముద్దలుగా మిగులుతాయి, ముందు ఆ ముద్దలు వెయ్యాలి, గీత సంగతి తర్వాత. బోర్డులక్క బస్సులో కళ్ళు చికిలించింది, సంతలో చికిలించింది, ఇంట్లో అత్తగారి ఎదురుగా కూర్చుని చికిలించింది.

"కళ్ళు పోతున్నాయా ఏంటే?" అంది అత్తగారు.

"మిమ్మల్ని చూస్తున్నా అత్తయ్యా."

"ఇన్నేళ్ళు చూడలా? చూసింది చాల్లే, పోయి దీపం వెయ్యి."

మూడో వారం చిత్రకారిణి తాను పని చేస్తుంటే చూడమని అందరినీ చుట్టూ కూర్చోబెట్టింది. పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా ఒక కిటికీ, కిటికీలో ఒక మనిషి భుజం వేసింది. బోర్డులక్క నోరెళ్ళబెట్టి చూసింది. మధ్యాహ్నం చిత్రకారిణి నాలుగడుగులు వెనక్కి వేసి, తల అడ్డంగా ఊపి, కత్తి తీసుకుని ఆ భుజం మొత్తం గీకేసింది.

"అయ్యయ్యో!" అంది బోర్డులక్క లేచి నిలబడి. "దానికేమైందమ్మాయ్? శుభ్రంగా ఉంది కదా!"

"శుభ్రంగానే ఉందక్కా. నిజంగా లేదు."

ఆ మాట ఆమెకు వారం రోజులు మింగుడుపడలేదు. ఆమె బతుకులో గీకి పారేసిన అక్షరం లేదు. ఎక్కడైనా పొరపాటు దొర్లితే పక్కన ఒక పువ్వో చుక్కో పెట్టి, కావాలనే పెట్టినట్టు నమ్మించేది. సగం బోర్డుల మీద పువ్వులు అలా పుట్టినవే.

గురువారాలు చిత్రకారిణి స్నేహితుడొకాయన వచ్చేవాడు. మట్టితో శిల్పాలు చేస్తాడు, గోడకు పలకలు కాల్చేది కూడా ఆయనే. అందరూ మట్టిబాబాయ్ అనేవారు. ఆయన కాగితం ముట్టనిచ్చేవాడు కాదు. కళ్ళు మూసుకుని ఎవరి మొహం వాళ్ళు తడుముకోమనేవాడు. ఎముక ఎక్కడుంది, మెత్తన ఎక్కడుంది, కంటి గుంత ఎంత లోతు, అన్నీ వేళ్ళతో చూసి, తర్వాత మట్టిలో నొక్కమనేవాడు. పళ్ళ డాక్టరు దవడ వరకు అందరికన్నా ముందుండి, ముక్కు దగ్గర చేతులెత్తేసేవాడు. బోర్డులక్క ఇంటికెళ్ళి అత్తగారి మొహం తడుముతానంటే, "నా తల గుమ్మడికాయనుకున్నావా?" అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది. అయినా టీవీ ముందు కూర్చున్నప్పుడు మాత్రం వద్దనలేదు. కోడలి వేళ్ళు నుదుటి మీద తిరుగుతుంటే కళ్ళు మూసుకుని, టీవీలో ఏం చెప్తున్నారో తెలియకుండానే ఊకొట్టింది.

ఆరో వారం కుర్చీ వచ్చింది. మామూలు చెక్క కుర్చీ, నాలుగు కాళ్ళు, వీపు దగ్గర మూడు అడ్డకర్రలు. దాన్ని గీయలేక అందరూ చచ్చారు. ఒకరి కుర్చీ కుంటింది, ఒకరిది కూలింది. చిత్రకారిణి చప్పట్లు కొట్టి, "కుర్చీని వదిలెయ్యండి," అంది. "కర్రల మధ్య ఖాళీలున్నాయే, వాటిని గీయండి. ప్రతి ఖాళీకీ ఒక ఆకారం ఉంటుంది. ఖాళీలు సరిగ్గా వస్తే కుర్చీ దానంతటదే వస్తుంది."

మిగతావాళ్ళు బుర్రలు గోక్కున్నారు. బోర్డులక్క మాత్రం పెద్దగా నవ్వింది.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదా!"

బోర్డు రాసేవాళ్ళు చూసేది అక్షరాన్ని కాదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత గోడ వదలాలో చూస్తారు. అక్షరాలెంత అందంగా ఉన్నా మధ్య చోటు తప్పితే పేరు చదవబుద్ధి కాదు. కొలత పెడితే ఆ చోటు కుదరదు, కంటితోనే కుదర్చాలి. తండ్రి ఆమెకు రెండేళ్ళు అదొక్కటే నేర్పాడు. ఆమె కుర్చీ వంక చూడడం మానేసి ఖాళీలను చూసింది, ఒకదాని పక్కన ఒకటి నింపుకుంటూ పోయింది. పావుగంటలో కాగితం మీద కుర్చీ నిలబడింది. కూర్చోవచ్చు అనిపించేలా ఉంది.

చిత్రకారిణి చాలాసేపు చూసింది. "మట్టిబాబాయ్, ఇలా రండి," అని పిలిచింది. ఆయన వచ్చి చూసి పళ్ళ డాక్టరు ముందున్న బిస్కెట్ల పళ్ళెం తీసి బోర్డులక్క ముందు పెట్టాడు. ఆ సాయంత్రం ఆమె ఏనుగెక్కినంత సంబరంగా ఇంటికెళ్ళింది. గోడ తనదేనన్న నమ్మకం ఎటూ ఉన్నదే, ఇప్పుడు దానికి ఒక కారణం కూడా దొరికింది.

* * *

పదో వారం, ఆదివారం పొద్దున పరీక్ష. ఎవరి మనిషిని వాళ్ళు తెచ్చుకుని ఎదురుగా కూర్చోబెట్టి బొగ్గుతో మొహం గీయాలి. రెండు గంటలు టైము. మొహాలు గీసేవాళ్ళే గోడకు కావాలని చిత్రకారిణి ముందే చెప్పింది.

బోర్డులక్క అత్తగారిని తీసుకొచ్చింది. తీసుకొచ్చింది అనడం తప్పు, ఆవిడే వచ్చింది. వారం నుంచి నన్ను కాక ఎవర్ని గీస్తావని అడుగుతూనే ఉంది. మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, గుర్తింపు కార్డు ఫోటోకి పెట్టే మొహం పెట్టింది. పెదాలు బిగించి, గడ్డం ఎత్తి, ఎవరిమీదో కేసు గెలిచినట్టు.

"అత్తయ్యా, మామూలుగా ఉండండి."

"ఇదే నా మామూలు. నువ్వు కానీ."

బోర్డులక్క మొదలుపెట్టింది. కళ్ళు చికిలించి వెలుగునూ నీడనూ ముద్దలుగా పరిచింది. చెవికీ భుజానికీ మధ్య ఖాళీ చూసింది. నుదుటి ఎముక వేళ్ళకు తెలుసు కనుక దాన్ని వెతుక్కోవలసిన పని లేకపోయింది. గంట తిరిగేసరికి అత్తగారు కాగితం మీదికి వచ్చి కూర్చుంది. మధ్యలో విరామమిచ్చినప్పుడు ఆవిడ లేచి వచ్చి చూసింది. "ఊఁ. పర్లేదు," అంది. పళ్ళ డాక్టరు తొంగిచూసి మొహం మాడ్చుకున్నాడు. అతని బొమ్మలో అతని భార్యకు పళ్ళు తప్ప ఇంకేమీ కుదరలేదు.

రెండో గంట సగం దాటేసరికి బొమ్మ పూర్తయింది. బోర్డులక్క వెనక్కి జరిగి చూసుకుంది. పోలిక దిగింది, బిగించిన పెదాలు దిగాయి, కేసు గెలిచిన గడ్డం దిగింది. తన చేతిని తానే ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఆ సంతోషంలో, ప్రతి బోర్డుకూ ఆఖర్న ఫినిషింగ్ ఇచ్చినట్టే, బొగ్గుముక్క అడ్డంగా పట్టుకుని దవడ కింద కుడి పక్కన ఒక్క లాగు లాగింది. నల్లగా, నున్నగా, ఎక్కడా తెగకుండా నీడ పడింది.

అప్పుడు చూసుకుంది.

కిటికీ కుడి పక్క ఉంది. మొహానికి ఎడమ వైపు అసలు నీడ ఎలాగూ వేసి ఉంది. ఇప్పుడు కుడి వైపు ఇంకొకటి. ఆకాశంలో ఇద్దరు సూర్యులున్నట్టు, అత్తగారి మొహం రెండు పక్కలా నల్లబడింది. గడ్డం కాగితం మీంచి పైకి లేచింది, అచ్చం కొట్టు పేరులో అక్షరం లేచినట్టు.

దాన్ని కప్పిపుచ్చడానికి ఒక పువ్వు పెట్టే వీలు కూడా లేదు.

చిత్రకారిణి అటుగా వచ్చి ఆగింది. ఏమైందో ఆమెకు ఒక్క చూపులో తెలిసిపోయింది. మెల్లగా, చాలా ప్రేమగా అంది: "అక్కా, గోడ మీద హాస్పిటల్ పేరు రాయాలి. అంత పొడుగు అక్షరాలు మీరు తప్ప ఎవరూ రాయలేరు. ఇవాళ ఎలా ఉన్నా సరే, అది మాత్రం మీకే. నేను మాటిస్తున్నాను."

బోర్డులక్క తెలివితక్కువ మనిషి కాదు. బొమ్మలు ఇంకెవరో వేస్తారని దాని అర్థం. అయితేనేం, తను కోరుకున్నది అదే కదా. బట్టీలో కాల్చిన పలకల మీద తన చేతి అక్షరాలు. ఏ ఫ్లెక్సూ వాటి మీదికి రాదు. సరే అంటే అయిపోతుంది. పది వారాల కిందట అయితే ఎగిరి గంతేసేది. ఇప్పుడు ఆ మాట వింటుంటే, ఆకలితో ఉన్నవాళ్ళకు విస్తరి చూపించి చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టినట్టు అనిపించింది. అక్షరాలు తనకు ఎప్పుడో వచ్చు. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి మాత్రం ఇంకా తనకు రాలేదు, ఆవిడ వచ్చేదాకా తను లేవదలుచుకోలేదు.

"పేరు రాస్తానమ్మాయ్, దాందేముంది, నిద్రలో లేపినా రాస్తాను. ఇంకా ఎంత టైముంది?"

"పన్నెండు నిమిషాలు."

"చాలు."

గుడ్డ తీసుకుని కాగితం మొత్తం తుడిచేసింది. దవడొక్కటే కాదు, పోలికా, పెదాలూ, గడ్డం, అన్నీ. గంటన్నర పని బూడిద రంగు మరకయి కూర్చుంది. చిత్రకారిణి ఒక అడుగు వెనక్కి వేసింది. పళ్ళ డాక్టరు బొగ్గు జారవిడిచాడు.

"అదేంటే!" అత్తగారి గొంతు గదంతా మోగింది. "తుడిచేస్తున్నావా? బాగుంది కదే అది! అంత బాగా వేసి తుడిచేస్తావేంటే!"

ఇరవై ఆరేళ్ళు దాచిన మెప్పు అలా నోరు జారి బయటపడిపోయింది. ఆవిడకది తెలియను కూడా తెలియలేదు. ఫోటో మొహం ఎక్కడికో పోయింది. కుర్చీలో ముందుకు వంగి, చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, కోడల్నే చూస్తోంది. గోడ పోతుందేమో, పిల్ల ఆశపడ్డది పోతుందేమో అన్న భయం కనుబొమల దాకా వచ్చి ఆగింది.

ఆ చూపును బోర్డులక్క ఇంతకుముందు సగం సగం చూసి ఉంది. తను నిచ్చెనెక్కే ముందు గుమ్మంలో, తను ఆలస్యంగా వచ్చిన రోజు కిటికీలో. తను ఇటు తిరిగేసరికి ఆ చూపు తిట్టుగా మారిపోయేది. ఇప్పుడు తిరిగి చూసినా మారలేదు.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. గీత మొదలుపెట్టే టైము లేదు. వెలుగున్నచోట కాగితాన్ని వదిలేసింది, లేనిచోట బొగ్గు రుద్దింది. వంగిన మెడకూ చేతికర్రకూ మధ్య ఖాళీ ఒక ఆకారంలో ఉంది, దాన్ని వేసింది. తెరుచుకున్న పెదాల మధ్య ఒక చిన్న చీకటి ఉంది, దాన్ని వేసింది. కళ్ళు ఎలా ఉన్నాయో అలా వేసింది. అంచు చాలాచోట్ల లేనేలేదు. ముప్పై ఏళ్ళలో అంత గజిబిజిగా ఆమె ఏదీ వెయ్యలేదు. చెయ్యి మాత్రం కూజా రోజు ఎంత నిబ్బరంగా ఉందో ఇప్పుడూ అంతే నిబ్బరంగా కదిలింది.

"టైమయిపోయింది," అంది చిత్రకారిణి.

బోర్డులక్క బొగ్గు కింద పెట్టింది. ఫినిషింగ్ ఏమీ ఇవ్వలేదు. మట్టిబాబాయ్ తనంతట తానే వచ్చి చిత్రకారిణి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఇంతలో అత్తగారు చేతికర్ర టకటకలాడిస్తూ ఈజిల్ చుట్టూ తిరిగి వచ్చింది. ఏదో ఒక వంక పెట్టడానికి నోరు తెరిచి, కాగితం చూసి, అలాగే ఆగిపోయింది. తగ్గు గొంతుతో, కోడలికి తప్ప ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగింది.

"నేను నిన్ను ఇలా చూస్తానా?"

"చూస్తున్నారు కాబట్టే వేశాను అత్తయ్యా."

బోర్డులక్కకు కళ్ళు చెమర్చాయి. బొగ్గు చేతులతో తుడుచుకుంటే మొహం నిండా మసి అయింది.

"పెద్దమ్మా," అంది చిత్రకారిణి, "మీకు అభ్యంతరం లేకపోతే దీన్ని గోడ మీద వేద్దామనుకుంటున్నాం. పిల్లల హాస్పిటల్ కదా. వార్డు బయట బెంచీ మీద కూర్చుని లోపలికి చూసేవాళ్ళ మొహం ఇలాగే ఉంటుంది. మీ కోడలే వేస్తుంది. ఇదీ, మిగతా మొహాలూ కూడా. పేరు కూడా ఆవిడే రాస్తుందనుకోండి, నిద్రలో లేపినా రాస్తానందిగా."

"నా మొహమా? గోడ మీదా?" అత్తగారు అటూ ఇటూ చూసింది. "వచ్చేపోయే వాళ్ళందరూ చూస్తారా?"

"చూస్తారు."

"ఎన్నాళ్ళుంటుంది?"

"యాభై ఏళ్ళు. గట్టిగా కాలిస్తే ఇంకా పైనే," అన్నాడు మట్టిబాబాయ్.

అత్తగారు మళ్ళీ బొమ్మ వంక తిరిగింది. ఇరవై ఆరేళ్ళు గుమ్మంలో దాచుకున్నది ఇప్పుడు ఊరందరి ముందూ గోడకెక్కబోతోంది. మొదటి బొమ్మలో ఉన్న గడ్డం ఒక్క క్షణం మళ్ళీ పైకి లేవబోయింది. ఆవిడ దాన్ని దింపుకుంది.

"అయితే ఉండనీ," అంది. "ఇంకోసారి తుడిచావంటే మాత్రం ఊరుకోను."

ఆ మాట చెప్పి, కోడలి చెయ్యి పట్టుకుని నిలబడి, గోడ పని మొదలుపెట్టడానికి సోమవారం పొద్దున తామిద్దరూ ఎన్నింటికి రావాలని చిత్రకారిణిని అడిగింది.